అణు వ్యర్థం: మొదటి వంతు ఎవరిది?



అణు వ్యర్థాన్ని ఎక్కడినుండి ముందుగా తొలగించాలన్నది నిపుణుల గదులలో తేలవలసిన విషయమట! ఆ వ్యర్థం మన పట్టాల మీదుగానో, మన ఊళ్ళ మీదుగానో పోవలసినపుడు మనకు నోరు ఉండరాదా?

సూరత్‌కు సుమారు 80 కిలోమీటర్ల ఎగువన, తాపీ లోయలో కాక్రాపార్ అణు విద్యుత్ కేంద్రమున్నది. 1993, 1995లలో 220 మెగావాట్ల యూనిట్లు రెండు, 2023, 2024లలో 700 మెగావాట్లవి రెండు వాణిజ్యోత్పత్తి ప్రారంభించాయి. దానికి ఇంధన కట్టలు తయారుచేసి పంపినది మన హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సు. దిగువన సూరత్‌లో మగ్గాల నాడించేవారిలో వేలాదిమంది తెలంగాణ పద్మశాలీలు.

1994 జూన్‌లో కుండపోత వర్షానికి ఆ కేంద్రపు టర్బైను భవనంలోకి నీరు చేరింది. ఆ సంగతి పత్రికకు వ్రాసిన కార్మిక సంఘ నాయకుని ఉద్యోగం పోయింది. 2013లో సుప్రీంకోర్టు సైతం ఆ తొలగింపును సమర్థించింది. నీటిని ఆపలేనివారు నోటిని ఆపగలిగారు! 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి వదిలిన నీటికి సూరత్ నగరంలో అధిక భాగం మునిగింది. ఒకే నదికి ఈ రెండు అనుభవాలు చాలవా?

తరలింపే ప్రమాదకరమంటారు. నిజమే. రియాక్టరు నుండి అప్పుడే తీసిన ఇంధనం కొన్నేళ్ళు నీటి కొలనులో చల్లారవలసిందే. దానిని కదల్చుమని ఎవరూ కోరడం లేదు. చల్లారినదాని మాటేమిటి? ఫుకుషిమాలో 2013 నవంబరులో మొదట ఖాళీచేయ నారంభించినది నాలుగవ యూనిట్ కొలనును. ప్రేలుడుకు దెబ్బతిన్న ఆ భవనంలో 1,500కు పైగా ఇంధన కట్టలుండేవి. 2014 డిసెంబరుకు పని పూర్తయింది. అపాయం ఎక్కడ హెచ్చో అక్కడికే మొదటి వంతు దక్కింది.

మన దేశంలోనూ కొలబద్ద అదే కావాలి: వరద ముప్పు, దిగువనున్న జనసంఖ్య, నిల్వ వయస్సు. ఏ అధికారికి ఏది సులువన్నది కాదు. 1962 నాటి అణుశక్తి చట్టపు 18వ సెక్షన్ దశాబ్దాల తరబడి సమాచారానికి తాళం వేసింది. ఇకనైనా వరుస జాబితాను బహిరంగపరచాలి. వ్యర్థాన్ని రైలుపై పంపదలచితే గ్యాంగ్‌మన్‌కు, పాయింట్స్‌మన్‌కు, గార్డుకు ముందుగా తెలియజేయాలి, రేడియేషన్ కొలిచే బిళ్ళలివ్వాలి, శిక్షణ నివ్వాలి. ఆ జాబితా తయారయ్యే బల్ల వద్ద కార్మిక ప్రతినిధికి కుర్చీ వేయాలి. ఇవి లేకుండా వచ్చే ఏ వ్యాగనుకైనా సిగ్నలు ఇచ్చేముందు కారణమడిగే హక్కు మనదని ప్రతి శాఖా తీర్మానించాలి.