మేడా, సంతా

ఇంగ్లండులో సఫోక్ కౌంటీలో బరీ సెయింట్ ఎడ్మండ్స్ అనే ఊరుంది. అక్కడ ఒకప్పుడు పశువుల సంత జరిగిన స్థలంలో 2009లో ‘ఆర్క్’ అనే కొత్త బజారు వెలిసింది. దానికి పైకప్పు లేదు. వానొస్తే గొడుగు విప్పుకోవలసిందే! అందులో పెద్ద దుకాణం డెబెన్‌హామ్స్ వారిది. 1778లో పుట్టిన ఆ సంస్థ 2021లో దేశమంతటా ఉన్న తన దుకాణాలన్నీ మూసేసింది.

మరి ఆ ఊరి పాత వారపు సంత మాటేమిటంటారా? బుధవారం, శనివారం నిక్షేపంగా సాగుతూనే ఉంది. సంతలో ఒకడు లేచిపోతే, ఆ జాగాలో ఇంకొకడు సరుకు దింపుతాడు. మేడ ఖాళీ అయితేనో? అంత అద్దె ఇచ్చుకోగల ఆసామీ దొరకాలి గదా! అందాకా బజారుకే కళ తప్పుతుంది.