నెర్రెలిచ్చిన నేల ఎవరి పొలం?

అనంతపురం కరువు మీద ఆర్ట్ షో అంటే ఒక ఫొటో దాదాపు ఖాయం: నెర్రెలిచ్చిన నేల, పక్కన ఒక ముసలాయన పాదాలు. ఆ బొమ్మతో నాకు పెద్ద పేచీ ఉంది. చాలాసార్లు అది పొలమే కాదు, ఎండిన చెరువు అడుగు. అక్కడి మెట్ట చేలు ఎక్కువగా ఎర్ర నేలలు. ఇసుక, గులకరాళ్లు కలిసిన పలచటి మన్ను. నల్లరేగడిలా అది పలకలు పలకలుగా చీలదు.

అక్కడ కరువు పచ్చగా ఉంటుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, దశాబ్దాలుగా చెనిక్కాయే ప్రధాన పంట. విత్తడానికి పదును దొరుకుతుంది, చెట్టు లేస్తుంది, పసుపు పూలు పూస్తాయి. పూత తర్వాత ఊడలు నేలలోకి దిగాలి. సరిగ్గా అప్పుడు వాన మొహం చాటేస్తే, రోడ్డు మీంచి చూసేవాడికి చేను బాగానే కనిపిస్తుంది. పీకి చూస్తే కాయ ఉండదు, ఉన్నా లొట్ట. ఇది కెమెరా కంటే ముందు చేతికి తెలిసే సంగతి.

మరి కెమెరా ఆ చేతిలోనే ఉంటే? జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో అది జరిగింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు, చదువు రాని వాళ్లు కూడా, వీడియో తీయడం నేర్చుకున్నారు. బీటీ పత్తి వచ్చిన తొలి సీజన్లో, 2002లో, వరంగల్ రైతుల చేలకి మళ్లీ మళ్లీ వెళ్లి విత్తనానికెంతైంది, మందుకెంతైంది, దిగుబడి ఎంతొచ్చింది అని అడుగుతూ తీసిన సినిమా 2003లో వచ్చింది. సేద్యం తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నలు అలాగే ఉంటాయి. సంక్రాంతికి మొదలుపెట్టి దాదాపు నెలరోజులు ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిప్పేదీ ఈ సంఘాలవాళ్లే. దాన్ని ఇన్‌స్టలేషన్ అనరు, పాత పంటల జాతర అంటారు.

మళ్లీ అనంతపురానికొస్తే, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది (జిల్లా ఇప్పుడు సత్యసాయి, కరువు మాత్రం పాతదే). తోలుబొమ్మలాట అక్కడి కుటుంబాల వృత్తి. వానలు రాకపోతే విరాటపర్వం చదివించడం, ఆడించడం తెలుగు ఊళ్ల ఆనవాయితీ. అంటే నేల కోసం, తిండి కోసం ఊరంతా కూర్చుని తెల్లవార్లూ చూసే కళ మనకి ఎప్పట్నించో ఉంది. ఆట ఆడించేవాళ్లు తగ్గిపోయారు. అదే మేకతోలు మీద ఇప్పుడు లాంప్‌షేడ్లు చేస్తున్నారు. బతకాలి, చేస్తారు, వాళ్లని అనడానికేం లేదు. గచ్చిబౌలి ఫ్లాట్లో ఆ దీపం కింద కొర్ర దోసె తింటూ, 'కమ్యూనిటీ ఆర్ట్' అన్న మాట మనమే కనిపెట్టినట్టు మాట్లాడుకుంటున్నామే, మనల్ని అనాలి. మా ఉద్యోగాల్లో గిట్ తెరిస్తే ప్రతి లైనుకీ రాసినవాళ్ల పేరుంటుంది. గ్యాలరీలో ఆర్టిస్టు పేరు పెద్దక్షరాల్లో, మిగతావాళ్లంతా 'స్థానికులు'.

కళ పంచనామా కాదు కదా, ఈ లెక్కలెందుకు అంటారు. సరే. కానీ 'ప్రజలతో కలిసి' అని బోర్డు పెట్టుకున్నవాళ్లని లెక్క అడగొచ్చు. గోడకెక్కే ఫొటో ఏదో ఎవరు తేల్చారు? అమ్ముడైతే ఎవరికెంత? ఆ షో ఒక్కసారైనా ఆ ఊళ్లో పెట్టారా? ఇవేవీ కుదరకపోతే కనీసం ఫొటో కింద ఆ చెరువు పేరన్నా రాయండి.