భోపాల్‌ను డిసెంబరుకు వదిలేయొద్దు

ఏటా డిసెంబరు 2న దేశానికి భోపాల్ గుర్తొస్తుంది. ఆ రోజును జాతీయ కాలుష్య నియంత్రణ దినంగా పాటిస్తున్నాం. బడిపిల్లలకు వ్యాసరచన పోటీలు, ఆఫీసుల్లో ప్రతిజ్ఞలు, ఎక్కడో ఒక ర్యాలీ. మర్నాడు భోపాల్‌లో సెలవు. సర్వమత ప్రార్థన సభ జరుగుతుంది, పెద్దలు వచ్చి మౌనం పాటించి వెళ్తారు. రఘు రాయ్ తీసిన ఫొటోను, మట్టిలో సగం పూడిన ఆ పసిబిడ్డ ముఖాన్ని, పత్రికలు మళ్లీ వేస్తాయి. ఐదో తేదీ పేపర్లో ఆ ఊసు ఉండదు.

ఇందులో తప్పేముంది, జరిగిన రోజునే కదా తలుచుకోవాలి అంటారు. ఆ రోజు నివాళి మాత్రమే ఉండాలనీ, లెక్కలు అడగడానికి వేరే సందర్భాలున్నాయనీ అంటారు. కాదని నోరెత్తితే శవరాజకీయాలని పేరు పెడతారు. వినడానికి ఎంతో మర్యాదగా ఉండే ఈ వాదన భోపాల్ విషయంలో నలభై ఏళ్లుగా దోషులకే పనికొచ్చింది. భూకంపానికో తుఫానుకో ఒక తేదీ ఉంటుంది. మనుషులు తీసుకున్న నిర్ణయాల వల్ల వచ్చిపడి, ఇంకా ముగియని విపత్తుకు ఒక్క రాత్రిని గుర్తుగా పెడితే, ఆ రాత్రి ఏదో గ్రహపాటు జరిగిపోయిందన్న కథే మిగులుతుంది. 'కాళరాత్రి' అని శీర్షిక పెట్టే ప్రతి పేపరూ తెలిసో తెలియకో ఆ కథనే అచ్చేస్తోంది.

1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీలో ఇ-610 ట్యాంకులోకి నీళ్లు చేరాయి. అందులోని మిథైల్ ఐసోసయనేట్ సలసల మరిగి, సుమారు 40 టన్నుల విషం జేపీ నగర్, కాజీ క్యాంప్ లాంటి పేదల బస్తీల మీద పడింది. ఆ రాత్రి జరిగింది ఇంతే. కానీ ఆ ద్రవాన్ని చల్లగా ఉంచాల్సిన రిఫ్రిజిరేషన్ యూనిట్‌ను ఆపేసింది అదే ఏడాది జూన్‌లో. లీకైన వాయువును కాల్చేయాల్సిన ఫ్లేర్ టవర్ గొట్టాన్ని మరమ్మతుకని అప్పటికే విప్పేశారు. 1982 మేలో అమెరికా నుంచి వచ్చిన కంపెనీ సొంత తనిఖీ బృందమే లోపాల జాబితా రాసిచ్చి వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి రాజ్‌కుమార్ కేస్వానీ అనే స్థానిక పాత్రికేయుడు తన చిన్న వారపత్రికలో ముంచుకొచ్చే ప్రమాదం గురించి ఒకదాని తర్వాత ఒకటి కథనాలు రాశారు. ఎవరూ కదల్లేదు. ఖర్చు మిగుల్చుకోవాలని యంత్రాన్ని ఆపిన జూన్‌కు ఈ దేశంలో స్మారక దినం లేదు. హెచ్చరికను పెడచెవిన పెట్టిన సెప్టెంబరుకూ లేదు.

ఆ తర్వాతి సంగతి చూడండి. కంపెనీ అధినేత వారెన్ ఆండర్సన్‌ను డిసెంబరు 7న భోపాల్‌లో అరెస్టు చేశారు. పాతిక వేల పూచీకత్తు మీద అదే రోజు వదిలి, రాష్ట్ర ప్రభుత్వ విమానంలో ఢిల్లీకి సాగనంపారు. ఆయన మళ్లీ ఈ దేశంలోని ఏ కోర్టు మెట్లూ ఎక్కకుండానే 2014లో ఫ్లోరిడాలో కన్నుమూశారు. 1985 మార్చిలో కేంద్రం చట్టం చేసి బాధితులందరి తరఫున దావా నడిపే హక్కు తన చేతిలోకి తీసుకుంది. 330 కోట్ల డాలర్లు అడిగి, 1989 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టులో 47 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. బాధితులను మాటమాత్రం అడగలేదు. ఆ ఒప్పందం సుమారు 3 వేల మరణాల లెక్క మీద కుదిరింది. తర్వాత అధికారికంగా పరిహారం ఇచ్చిన మరణాలే 5,295. అసలు సంఖ్య ఇంతకు ఎన్నో రెట్లని బాధిత సంఘాలు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాయి. 1996 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అభియోగాలను నిర్లక్ష్యం స్థాయికి తగ్గించింది. చివరికి 2010 జూన్ 7న కంపెనీకి చెందిన ఏడుగురు భారతీయ అధికారులకు రెండేళ్ల జైలు పడింది. సాయంత్రానికి బెయిలూ వచ్చింది.

బాధితుల బతుకుల్ని తేల్చిన తేదీలివి. వీటిలో ఏ ఒక్కదానికైనా మన క్యాలెండర్లో చోటుందా?

వర్ధంతి అనేది లేకపోతే జనం అసలే మరిచిపోతారని ఒక వాదన ఉంది. ఏడాదికొక్కసారైనా కెమెరాలు అటు తిరుగుతాయి కదా, అదీ పోగొడతారా అంటారు. దీనికి జవాబు 2010లో ఉంది. అప్పటికి పాతిక వర్ధంతులు అయిపోయాయి. ప్రభుత్వాలు చలించలేదు. జూన్ 7 తీర్పు విని దేశం భగ్గుమంది, అదీ వర్ధంతికి ఆరు నెలల దూరంలో. రెండు వారాల్లో కేంద్ర మంత్రుల బృందం కూర్చుంది. ఆ నెల దాటకుండానే కేబినెట్ సుమారు 1,265 కోట్ల ప్యాకేజీకి ఒప్పుకుంది. అదనపు పరిహారం కోసం సుప్రీంకోర్టులో క్యూరేటివ్ పిటిషన్ వేసేదాకా వెళ్లింది. పాతిక డిసెంబర్లు సాధించలేనిది ఒక్క జూన్ సాధించింది. ఎందుకంటే ఆ కోపం అధికారులు సిద్ధపడి ఎదురుచూసిన రోజున రాలేదు. డిసెంబరు 3కు ఏం మాట్లాడాలో ప్రతి కలెక్టరాఫీసుకూ ముందే తెలుసు.

ఆ పిటిషన్ గతి ఏమైందో కూడా చెప్పుకోవాలి. 7,800 కోట్లకు పైగా అదనంగా ఇప్పించాలని కోరితే, 2023 మార్చి 14న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. ఒప్పందం కుదిరి రెండు దశాబ్దాలు దాటాక ఇప్పుడు దాన్ని తవ్వడానికి కారణమేమిటని ప్రభుత్వాన్ని నిలదీసింది. ఆ రెండు దశాబ్దాలూ మనం ఏటా క్రమం తప్పకుండా నివాళులు అర్పిస్తూనే ఉన్నాం. ఒప్పందం కుదిరిన ఫిబ్రవరి 14ను ఏటా గుర్తు పెట్టుకున్న దేశమైతే ప్రభుత్వాన్ని అన్నేళ్లు ఆగనిచ్చేది కాదు.

ఇంకొకరు అంటారు: 337 టన్నుల విషవ్యర్థాలను నాలుగు వారాల్లో తరలించమని మధ్యప్రదేశ్ హైకోర్టు ఆదేశించింది సరిగ్గా 2024 డిసెంబరు 3నే కదా, వర్ధంతి పనిచేసినట్టే కదా అని. ఆ కేసు 2004 నుంచి నడుస్తోంది. మధ్యలో ఇరవై డిసెంబర్లు ఖాళీగా వెళ్లాయి. ఇరవై ఒకటోది కలిసొస్తే ఆ గొప్ప తేదీది కాదు. పైగా ఆ 337 టన్నులు ఫ్యాక్టరీ షెడ్డులో మూటగట్టి పెట్టినవి. నాగపూర్‌లోని నీరీ, హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్ఐ పరిశోధన సంస్థలు కలిసి 2010లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ ఆవరణలో కలుషితమైన మట్టి 11 లక్షల టన్నులు. అది అక్కడే ఉంది. ఆ మట్టిలోంచి విషం బోరునీళ్లలోకి దిగింది. 1984లో పుట్టని పిల్లలు ఆ నీళ్లు తాగారు. వాళ్లకు డిసెంబరు 3 ఏ విధంగా వర్ధంతి?

ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవాళ్ల సంగతి వేరు. ఆ రాత్రి వాళ్లది. తద్దినమైనా ఫాతిహా అయినా ఎప్పుడు ఎలా చేసుకోవాలో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నా అభ్యంతరమంతా సర్కారు పెట్టే తద్దినం మీద. బాధితులైతే డిసెంబరు కోసం ఎన్నడూ ఎదురుచూడలేదు. బాధితుల ఉద్యమ నాయకుడు అబ్దుల్ జబ్బార్ 2019లో చనిపోయేదాకా ఆయన సంఘంలోని ఆడవాళ్లు షాజహానీ పార్కులో వారం వారం కూర్చునేవారు. కేసు ఎంతవరకొచ్చింది, పరిహారం ఎవరికి అందలేదు, మందులు ఎక్కడ దొరకడం లేదు, ఇదీ అక్కడి ముచ్చట. రషీదా బీ, చంపాదేవి శుక్లా లాంటివాళ్లతో కలిసి బాధితులు 2006లో ఒకసారి, 2008లో మరోసారి భోపాల్ నుంచి ఢిల్లీకి నడిచారు. రెండుసార్లూ బయల్దేరింది ఫిబ్రవరిలో. పార్లమెంటు ఎప్పుడు కూర్చుంటుందో, మంత్రులు ఎప్పుడు దొరుకుతారో వాళ్లకు తెలుసు. ఎప్పుడు తలుచుకుంటే పని జరుగుతుందో వాళ్లను చూసి నేర్చుకోవాల్సింది మనం.

మనం నేర్చుకోలేదనడానికి రుజువు విశాఖలోనే ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీద కమ్ముకుంది. పన్నెండు మంది చనిపోయారు. రోడ్డు మీద నడుస్తూ నడుస్తూనే జనం కుప్పకూలిన దృశ్యాలు మనమంతా టీవీల్లో చూశాం. ఫ్యాక్టరీలో సైరన్ వ్యవస్థ ఉన్నా దాన్ని మోగించలేదని, ట్యాంకును చల్లబరిచే యంత్రాన్ని రోజంతా నడపడం లేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. మళ్లీ అదే శీతలీకరణ, మళ్లీ అదే సైరన్. భోపాల్‌కు ముప్పయ్యైదు వర్ధంతులు జరిపిన దేశంలో ఇది జరిగింది. 2025 జూన్ 30న, భోపాల్ వ్యర్థాల్లో చివరి విడత పీథంపూర్ కొలిమిలో కాలిపోయిన రోజునే, తెలంగాణలోని పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి నలభైమందికి పైగా కార్మికులు చనిపోయారు. ఇక జూన్ 30 కూడా పూలదండల తేదీల జాబితాలో చేరిపోతుంది.

మరి ఎప్పుడు తలుచుకోవాలి? మొదటి జవాబు చట్టంలోనే ఉంది. ప్రమాదకర రసాయనాలపై 1989లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీ లోపల ఆరు నెలలకోసారి, చుట్టుపక్కల ప్రాంతానికి ఏడాదికి కనీసం ఒకసారి మాక్‌డ్రిల్ జరపాలి. భోపాల్ ప్రజలకు ఆ రాత్రి కావలసింది సరిగ్గా అదే. ఊరి కోసం పెట్టిన సైరన్‌ను కొద్ది నిమిషాలకే ఆపేశారు. గాలి ఎటు వీస్తోందో చెప్పేవాళ్లు లేక జనం గాలివాటునే పరుగెత్తారు. ముక్కుకూ నోటికీ తడిగుడ్డ అడ్డం పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు. హమీదియా ఆసుపత్రిలో డాక్టర్లకు అది ఏ విషమో తెలియదు. కాబట్టి ప్రతి రసాయన ఫ్యాక్టరీ పక్కనున్న ఊళ్లో సైరన్ మోగించి, ఇంటింటికీ తడిగుడ్డ సంగతి చెప్పి, ఏ రోడ్డున పోవాలో నడిపించి చూపించి, దగ్గరి ఆసుపత్రికి విరుగుడేమిటో తెలిపే రోజు భోపాల్ స్మారక దినం కావాలి. ఆ తేదీ ఊరికొకటి ఉన్నా నష్టం లేదు.

రెండోది, డబ్బు తేలే కాలం. ఒప్పందం కుదిరిన ఫిబ్రవరి 14 బడ్జెట్ కాలంలోనే వస్తుంది. డిసెంబరులో తలవంచి నిలబడే పెద్దలు బడ్జెట్ సమావేశాల్లో తలెత్తి చెప్పాలి: బాధితుల వైద్యానికి ఎంత కేటాయించారు, మట్టి శుద్ధికి ఎంత, ఎన్ని క్లెయిములు పెండింగులో ఉన్నాయి. 2023 తీర్పులోనే కోర్టు, రిజర్వు బ్యాంకులో మిగిలిపోయిన 50 కోట్లను పెండింగు క్లెయిములకు వాడమంది. ఆ డబ్బు ఎంతమందికి చేరిందో అడగడానికి వర్ధంతి దాకా ఆగాల్సిన పనేమిటి?

మౌనం పాటించమంటే ఏ ప్రభుత్వమూ కాదనదు, ఏ కంపెనీ అయినా సంతోషంగా దండ పంపిస్తుంది. వాయిదా రోజున, ఆడిట్ రోజున, లైసెన్సు రెన్యూవల్ రోజున జనం గుర్తుపెట్టుకుని వస్తేనే వాళ్లకు ఇబ్బంది. పాశమైలారం కేసు విచారణకు వచ్చిన రోజు కోర్టు హాల్లో నలుగురు ఎక్కువగా కూర్చుంటే, జూన్ 30న వెలిగించే వెయ్యి కొవ్వొత్తుల కంటే అదే పోయినవాళ్లకు దక్కే గౌరవం.