అన్నీ తెలిసి అడిగే ప్రశ్నలు

పోర్ట్ నంబరెంత? ఈ ప్రశ్న వేస్తున్నది నెట్‌వర్క్ ఇంజినీరుకి కాదు, చీరాలలో చీరలమ్ముకునే మనిషికి. కొట్టు పేరుతో మెయిల్ ఉంటే ఆర్డర్లు వస్తాయంటే డబ్బు కట్టి తీసుకున్నాడు. ఫోన్‌లో పెట్టుకోబోతే యక్షప్రశ్నలు మొదలు. ఇన్‌కమింగ్ సర్వర్ పేరేమిటి? ఐమ్యాపా, పాప్ త్రీనా? ఎస్‌ఎస్‌ఎల్లా, స్టార్ట్‌టీఎల్‌ఎస్సా? 993 కొట్టాలా, 143 కొట్టాలా? అవుట్‌గోయింగ్‌కి మళ్లీ మొదటికి: 465, 587. ఒక్కటి తప్పితే చాలు, ‘మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి’ అంటుంది. ఏ అడ్మినిస్ట్రేటరయ్యా? ఆ కొట్లో ఉన్నదే ఇద్దరు, ఆయనా, చీరలు మడతపెట్టే కుర్రాడూ!

అసలు పనిచేయకపోతే నయం. సగం పనిచేస్తేనే కొంప మునుగుతుంది. వచ్చే మెయిళ్లు వస్తుంటాయి, అంతా బాగుందనుకుంటాడు. రాసిన జవాబులు మాత్రం కదలక అవుట్‌బాక్స్‌లో మగ్గుతుంటాయి. ఆర్డరిచ్చినవాళ్లు చూసి చూసి ఇంకో కొట్టుకి పోతారు.

దీనికి మందు లేదా? పదేళ్ల పైనుంచే ఉంది. 2009 డిసెంబరులో వచ్చిన థండర్‌బర్డ్ 3, పేరూ మెయిలూ పాస్‌వర్డూ అడిగి మిగతావి తనే వెతుక్కునేది. 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6186 పేరిట పద్ధతి కూడా రాసిపెట్టారు: డొమైన్ డీఎన్‌ఎస్‌లో ఫలానా సర్వర్, ఫలానా పోర్ట్ అని నాలుగు లైన్లు పెడితే యాప్ చదువుకోవచ్చు. మెయిల్ అమ్మేవాళ్లు చాలామంది ఆ లైన్లు పెట్టరు. పెట్టినా చదవని యాప్‌లు బోలెడు. ఒకరినడిగితే రెండోవాళ్ల మీదికి తోస్తారు.

ఇక మిగిలింది సెల్ షాపు కుర్రాడు. ఫోనూ పాస్‌వర్డూ రెండూ వాడి చేతిలో పెట్టాలి. ఆ మెయిలుకే బ్యాంకు స్టేట్‌మెంట్లూ, జీఎస్టీ ఓటీపీలూ వచ్చేది. కనెక్ట్ కావట్లేదని వాడు సెక్యూరిటీ ‘నన్’ పెట్టి పనైపోయిందంటాడు. సర్వర్ అందుకు ఒప్పుకుంటే, ఇక ఆ పాస్‌వర్డ్ తాళం లేకుండానే నెట్ మీద తిరుగుతుంది. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి అని మళ్లీ ఈ మెయిల్ అమ్మేవాళ్లే నీతులు చెబుతారు. చెప్పక తప్పని గతి పట్టించిందెవరండీ?

జనానికి కంప్యూటర్ రాదట! అదే మనిషి యూపీఐ యాప్‌లో బ్యాంకు పేరు నొక్కితే చాలు, ఫోన్ నంబరును బట్టి ఖాతాను అదే పట్టుకొస్తుంది. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ అడగదు. డబ్బు దగ్గర కుదిరింది ఉత్తరం దగ్గర కుదరదా? అడిగేవాడు లేడనే కదా ఈ ధీమా! రెన్యువల్ కట్టమనే మెయిల్ మాత్రం ఏటా ఠంచనుగా వస్తుంది. దానికి ఏ పోర్టూ అడ్డం రాదు.