పరిశోధన మనగా నేమి?



ఈ కాలమున 'పరిశోధనము' అను మాట ప్రతివారి నోటను వినవచ్చుచున్నది. రెండంగళ్ళలో వెల కనుగొన్నవారును, ఒక పుస్తకమున నాలుగు పుటలు తిరుగవేసినవారును తాము పరిశోధించితి మనుచున్నారు. కావున నీ మాట యర్థమును కొంచెము విచారింతము.

'శుధ్' అను సంస్కృత ధాతువునకు శుద్ధి యగుట యని యర్థము. 'పరి' యనగా అంతటను. కావున అన్నివైపులను శుభ్రపఱచుటయే పరిశోధనము. వెదకుట వేఱు, పరిశోధించుట వేఱు. వెదకువారికి కావలసినదేదో ముందే తెలియును. అది దొరకినంతనే పని ముగియును. పరిశోధించువారు దొరకినదాని నెల్ల చేటలో పోసి చెఱిగి, రాయేదో గింజయేదో ఏర్పఱతురు. తమకు నచ్చలేదని మంచి గింజను పాఱవేయరు.

ఈ భేదము జగ్గయ్యపేటలో కన్నులకు కట్టినట్లున్నది. అచ్చటి బౌద్ధస్తూపమున్న గుట్టకు ధనబోడని పేరు. ఇండ్లకు ఇటుకలును రాళ్ళును కావలసినవారు దానిని త్రవ్వుకొనిపోయిరి. 1882లో జేమ్సు బర్జెస్ దొర వచ్చి, మిగిలినదానిని కొలిచి, శిల్పములకు చిత్రములు వ్రాయించి, శాసనములకు ప్రతులెత్తించి, 1887లో గ్రంథముగా ప్రకటించెను. ఆ శాసనములవలన, ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున సిద్ధార్థుడను శిల్పి తూర్పువాకిట అయిదు ఆయకస్తంభములు నిలిపెనని తెలియవచ్చినది. అతడు తల్లి నాగిలని పేరును, భార్య సముదని పేరును తన పేరుతోపాటు చెక్కించెను. ఇటుకలకై త్రవ్వినవారికి ఇటుకలు దొరకెను. పరిశోధించినవారికి పదునేడువందల యేండ్ల నాటి ఒక కుటుంబము దొరకెను.

ఇట్టి పని దొరలకును పండితులకును మాత్రమే తగునని యనుకొనవలదు. నందిగామ చెంతనున్న పెనుగంచిప్రోలున 1874లో జన్మించిన భండారు అచ్చమాంబగారు పాఠశాల కేగి చదివినవారు కారు. తమ్ముడగు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి తోడ్పాటుతో ఇంటనే విద్య నేర్చిరి. స్త్రీలు అబలలనియు, చదివినచో చెడుదురనియు లోకమనుచుండగా ఆమె వాదులాటకు దిగలేదు. పలుభాషల గ్రంథములు చదివి, మన దేశచరిత్రమున ప్రసిద్ధలైన స్త్రీల వృత్తాంతములను కూర్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించిరి. దాని మొదటి భాగము 1901లో వెలువడినది. తలపెట్టిన పనియంతయు పూర్తికాకమునుపే 1905లో ఆమె దివంగతురాలైరి. లోకవాక్యమును అది నిజమా యని చెఱిగి చూచుటయే ఆమె చేసిన పరిశోధనము.

మనమును ఈ పని మన యింటనే యారంభింపవచ్చును. చాల కుటుంబములలో తాతముత్తాతల పేర్లు వరుసగా చెప్పుదురు; ముత్తవ్వ పేరడిగినచో నొకరి మొగమొకరు చూచుకొందురు. ఈ మాసమున ఇంటి పెద్దలను ఆమె పేరును, పుట్టినయూరును అడుగుడు. ఒక్కరి మాటతో తృప్తిపడక మఱియొకరినిగూడ అడుగుడు. ఎవరు చెప్పిరో, ఏనాడు చెప్పిరో వ్రాసికొనుడు. ఇద్దరు రెండువిధములుగా చెప్పినచో రెండును వ్రాయుడు. ఇంపుగానున్నదానినే నిలిపి రెండవదానిని కొట్టివేయకుడు. పాతపత్రములేవైన నున్నచో వానితో పోల్చి చూడుడు.

ఇందులకు కావలసినది ఒక కాగితము, ఒక కలము, కొంత ఓపిక. ఆ పేరెఱిగిన పెద్దలు మనతో నుండగనే ఈ పని జరుగవలెను.