నేరడి గట్టున 106 ఎకరములు

వంశధార గట్టున, భామిని మండలములో, నేరడి యను చిన్న పల్లె గలదు. 2022 వఱకు శ్రీకాకుళము జిల్లాలోనిది. నేడు పార్వతీపురము మన్యము జిల్లాలోనిది. ఎదుటి గట్టు ఒడిషా. కలహండి కొండలలో బుట్టి కళింగపట్టణమునొద్ద సముద్రమున గలియు నీ నది వఱదకాలమున నిచ్చటి యొండ్రునేలలను గోసికొని పోవును. వేసవిలో నిసుకమేటలను జూపును. ఈ రైతునకు నీటివలని నష్టము తెలిసినంతగా లాభము తెలియదు.

1936 వఱకు నిచ్చటి రెండు గట్లును చెన్నరాజధానిలోనివే. ఆ యేప్రిలు 1వ తేదీన ఒరిస్సా యేర్పడగా బర్లాకిమిడి యావల జేరెను. దానికి నొచ్చి గిడుగు రామమూర్తి పంతులుగారు ముదిమిలో నా పట్టణము విడిచి రాజమహేంద్రవరము చేరిరి. గీత మనుష్యులకే గాని నదికి దెలియునా?

1962లో నుభయ ప్రభుత్వములును వంశధారా జలములను జెరిసగముగా బంచుకొన నంగీకరించినవి. మన సగము పూర్తిగా దక్కవలెనన్న నేరడియొద్ద బ్యారేజీ కావలెను. దానికి నావలిగట్టున 106 ఎకరముల భూమి కావలెను. అది లభింపక మనవారు కాట్రగడ్డయొద్ద ప్రక్కమత్తడి పెట్టి, హిరమండలము జలాశయమునకు నీరు మళ్లింప బూనిరి. దానిపై 2006లో ఫిర్యాదు చేసినది ఒరిస్సాయే. ట్రిబ్యునలు కావలెనని సుప్రీంకోర్టున కేగి, 2009లో నుత్తరువు పొందినదియు నదియే. 2010లో నేర్పడిన యా ట్రిబ్యునలు 2017 సెప్టెంబరు 13న, 115 టి.యం.సి.లలో జెరి 57.5 అని నిర్ణయించి, నేరడి బ్యారేజీకి ననుమతి యొసగెను; 106 ఎకరములు మనకు సమకూర్పవలెననెను. వెంటనే ఒడిషా మరల సుప్రీంకోర్టు తలుపు తట్టెను! తాము కోరుకొన్న మధ్యవర్తినే తీర్పు వెలువడిన మఱునాడు నిందించు కక్షిదారులను మావంటి న్యాయవాదులు నిత్యము చూచుచునే యుందురు. ప్రభుత్వమున కది తగదు.

అయినను, ఆవలి రైతుల భయమును బరిహసింపరాదు. 1980 సెప్టెంబరు వఱద గుణుపురమును ముంచినది. బ్యారేజీ కట్టిన ముంపు హెచ్చునేమో, గట్టు తెగునేమో యని వారు శంకించుట సహజము. గట్టు పోయిన రైతు తెలుగువాడైన నేమి, ఒడియావాడైన నేమి? రక్షణకట్టలకు మన ఖజానానుండి యీయవలసినది వెనుదీయక యీయవలెను. మఱియు మన యింటిని మనము చూచుకొనవలదా? హిరమండలము జలాశయమునకై యూళ్లు విడిచినవారు పరిహారమునకై యెన్ని కచ్చేరీల చుట్టు దిరిగిరో యీ ప్రాంతపు పాఠకులకు వేఱుగ జెప్పనక్కఱలేదు. సొంతవారికే సరిగా జెల్లింపని ప్రభుత్వము పరరాష్ట్రపు రైతునకు జెల్లించునని యెవడు నమ్మును?

2021 నవంబరు 9న నిద్దఱు ముఖ్యమంత్రులు భువనేశ్వరమున గలిసి మాటలాడిరి. మాటలు చాలును. ఇరు రాష్ట్రముల యింజనీర్లును, రెవిన్యూ యధికారులును గలిసి నేరడికి రావలెను. ఆ 106 ఎకరములను గొలిచి, రైతుల యెదుటనే ధర నిర్ణయింపవలెను. హిరమండలము నిర్వాసితుల బాకీ దానికి ముందే తీర్పవలెను. ఈ కోరికతో శ్రీకాకుళము, పాతపట్టణము, పాలకొండ పఠనాలయములనుండి సంతకములతో మహజరులు వెంటనే పంపవలెనని పాఠకులను గోరుచున్నాము.