ఆఫీస్ ల్యాప్‌టాప్ రిపేర్ మనమే చేసుకుంటే తప్పేంటి?

మాది అలిపిరి రోడ్డు. ఆఫీస్ చెన్నైలో. హైబ్రిడ్ వర్క్ కాబట్టి నెలలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. లైఫ్ సాఫీగా సాగిపోతోంది అనుకుంటున్న టైమ్‌లో ఒక బుధవారం ఉదయం ఆఫీస్ ల్యాప్‌టాప్ రాత్రి అప్‌డేట్ అయ్యి ఆన్ అయింది. వైఫై మాత్రం మాయం. ఐకానే లేదు.

డివైస్ మేనేజర్ ఓపెన్ చేస్తే వైఫై అడాప్టర్ పక్కన పసుపు రంగు గుర్తు. బీటెక్ అక్కర్లేదు, మన సైట్ రెగ్యులర్‌గా చదివే ఇంటర్ కుర్రాడైనా చెప్పేస్తాడు: కొత్త డ్రైవర్ సెట్ కాలేదు, రోల్ బ్యాక్ కొడితే చాలు. రెండు నిమిషాల పని. కొట్టాను. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. అది నా దగ్గర ఉండదు కదా!

హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేశాను. "సర్, రిమోట్‌లో చూస్తాం, ల్యాప్‌టాప్‌ను ఇంటర్నెట్‌కు కనెక్ట్ చేయండి" అన్నారు. ఇంటర్నెట్ రావట్లేదనే కదా ఫోన్ చేసింది! యూఎస్‌బీ టెథరింగ్ పాలసీలో బ్లాక్. ల్యాప్‌టాప్‌కు లాన్ పోర్ట్ లేదు, బయటి అడాప్టర్ పెడితే అదీ బ్లాక్. చివరికి తేల్చింది ఏంటంటే, మెషీన్ పట్టుకుని చెన్నై రండి అని. గురువారం పొద్దున్నే బస్సెక్కాను. అక్కడ ఐటీ అన్న రోల్ బ్యాక్ నొక్కాడు, రీస్టార్ట్ చేశాడు, "అయిపోయింది" అన్నాడు. రెండు పని దినాలు, రానూపోనూ ఛార్జీలు, మిస్సయిన ఒక రిలీజ్. అన్నీ ఒక్క క్లిక్ కోసం.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది: "అంత నమ్మి వాళ్ల కోడంతా నీ చేతికిస్తారు, ఆ మిషన్ బాగుచేసుకోను మాత్రం నమ్మరా?" నిజానికి ఈ ఆర్టికల్ మొత్తం ఆ ప్రశ్నే.

ఐటీ టీమ్ భయం ఉత్తిది కాదు

ముందు అవతలి వాళ్ల మాట కూడా విందాం. సపోర్ట్‌లో పనిచేసే ఫ్రెండ్‌ను అడిగితే ఒకటే మాట అన్నాడు: "రేయ్, నీలాంటోడికి ఇస్తే ఇబ్బంది లేదు. కానీ పాలసీ నీ ఒక్కడికే రాయలేం కదా." కరెక్టే. ఎప్పుడూ అడ్మిన్ అకౌంట్‌లోనే ఉండే మనిషి ఒక క్రాక్డ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తే, దానిలో ఉన్న మాల్‌వేర్‌కు కూడా అదే అడ్మిన్ పవర్ దొరుకుతుంది. అక్కడి నుంచి ఆఫీస్ నెట్‌వర్క్ ఎంతో దూరం ఉండదు. కాబట్టి "అందరికీ పర్మనెంట్ అడ్మిన్ ఇచ్చేయండి" అనే బ్యాచ్‌లో నేను లేను.

కానీ అన్ని తాళాలూ ఒక్కచోటే పెట్టినా రిస్కే. 2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. మన శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. పరిష్కారం చూస్తే చాలా చిన్నది: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైల్ డిలీట్ చేయడం. కానీ బ్లూ స్క్రీన్ దగ్గరే ఆగిపోయిన మెషీన్‌కు రిమోట్ సపోర్ట్ అందదు. చాలా మెషీన్ల దగ్గర ఒక మనిషి కూర్చుని చేయాల్సి వచ్చింది. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ కూడా కావాలి. చివరికి ఇంటి నుంచి పనిచేసేవాళ్లు సొంతంగా ఎలా సరిచేసుకోవాలో క్రౌడ్‌స్ట్రైకే ఒక వీడియో పెట్టింది. అంటే ఆపద వచ్చిన రోజు కంపెనీలకు ఎంప్లాయీ చెయ్యే కావాల్సి వచ్చింది. ఆ నమ్మకం మామూలు రోజుల్లో ఎందుకుండదు?

అలిపిరి మోడల్

మా ఊళ్లో ఈ సమస్యకు రోజూ కళ్ల ముందు కనిపించే జవాబు ఉంది. కొండకు కార్లో వెళ్లేవాళ్లు ఎవరైనా అలిపిరి చెకింగ్ దగ్గర ఆగాల్సిందే. లగేజీ స్కానర్‌లోకి పోతుంది, మనుషుల్నీ చెక్ చేస్తారు. మందు, సిగరెట్లు పైకి పోవు. అక్కడ ఎవరికీ మినహాయింపు అడగం. కానీ చెకింగ్ అయ్యాక? మీ కారు మీరే నడుపుకుంటారు. దారిలో టైరు పంచరైతే స్టెప్నీ మీరే మార్చుకుంటారు. "టికెట్ రెయిజ్ చేయండి, 48 గంటల్లో మెకానిక్ వస్తాడు" అని ఎవరూ చెప్పరు.

ఆఫీస్ డివైస్ కూడా అంతే ఉండాలి. ఎన్‌క్రిప్షన్, యాంటీవైరస్, సెక్యూరిటీ అప్‌డేట్స్, టూ ఫ్యాక్టర్ లాగిన్: ఇవి గేటు దగ్గర చెకింగ్. వీటిని ఎంప్లాయీ ఆఫ్ చేయకూడదు. డ్రైవర్, ప్రింటర్, డెవలపర్ టూల్స్, రీసెట్: ఇవి స్టెప్నీ. వీటికి చెన్నై బస్సు అక్కర్లేదు.

దీనికి కొత్తగా ఏమీ కనిపెట్టాల్సిన పని కూడా లేదు. మైక్రోసాఫ్ట్ ఇంట్యూన్‌లో ఎండ్‌పాయింట్ ప్రివిలేజ్ మేనేజ్‌మెంట్ ఉంది. కంపెనీ ఓకే చేసిన ఫైల్ వరకే అడ్మిన్ పవర్ ఇస్తుంది, ఎవరు ఏం రన్ చేశారో రికార్డ్ అవుతుంది. మ్యాక్ కోసం ఎస్ఏపీ కంపెనీ 'ప్రివిలేజెస్' అనే ఓపెన్ సోర్స్ యాప్ ఇచ్చింది. కాసేపు అడ్మిన్ అయ్యి మళ్లీ మామూలు యూజర్ అయిపోవచ్చు. 2023 ఏప్రిల్ అప్‌డేట్స్ నుంచి విండోస్‌లోనే ల్యాప్స్ వచ్చేసింది. ఒక్కో మెషీన్‌కు వేరే అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టి, వాడాక మార్చేస్తుంది. నాలాంటి కేసులో హెల్ప్‌డెస్క్ ఆ పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పి ఉంటే కథ అక్కడే అయిపోయేది.

పెద్ద కంపెనీల్లో కుదరదు అంటారా? ఐబీఎం 2015లో ఎంప్లాయీస్‌కు మ్యాక్‌లు ఇచ్చినప్పుడు సీల్ తీయని బాక్స్ చేతికిచ్చి, సెటప్ వాళ్లనే చేసుకోమంది. మ్యాక్ యూజర్లలో 5 శాతం మందికే హెల్ప్‌డెస్క్ అవసరమైందని, పీసీ యూజర్లలో అది 40 శాతమని ఆ కంపెనీయే చెప్పింది. అందులో మ్యాక్ గొప్పతనం ఎంత, సొంత సెటప్ మహిమ ఎంత అని వాదించుకోవచ్చు. కానీ ఎంప్లాయీ చేతికిస్తే కొంపలు మునగలేదు కదా.

హక్కు ఇవ్వండి, బిల్లు కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త. "మీ డివైస్ మీరే చూసుకోండి" అనే మాటను కంపెనీలు ఖర్చు తప్పించుకోడానికి వాడుకునే ఛాన్స్ ఉంది. 2022 ఆగస్టులో ఏపీ ప్రభుత్వం టీచర్లకు ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ యాప్ తెచ్చి, సొంత ఫోన్లలో వేసుకోమంటే సంఘాలు ఎదురు తిరిగాయి. మా ఫోన్, మా డేటా ఎందుకు, డివైస్ మీరే ఇవ్వండి అన్నాయి. ఆ అడగడంలో న్యాయం ఉంది. రిపేర్ చేసుకునే పర్మిషన్ వేరు, రిపేర్ ఖర్చు మన నెత్తిన పెట్టడం వేరు. స్క్రీన్ పోతే, బ్యాటరీ ఉబ్బితే అది కంపెనీ పనే. సొంత ఫోన్లో ఆఫీస్ మెయిల్ కావాలంటే ఆండ్రాయిడ్ వర్క్ ప్రొఫైల్ వరకే ఒప్పుకోండి. అప్పుడు కంపెనీ చెరిపేసినా ఆఫీస్ భాగమే పోతుంది, మీ ఫోటోలు కాదు.

ఇదంతా నా రెండు రోజుల కోపం మాత్రమే కాదు. తిరుపతి, చిత్తూరు, మదనపల్లి లాంటి ఊళ్లలో ఉంటూ పనిచేసుకునే వాళ్లు మాలో చాలామంది ఉన్నారు. డ్రైవర్ పాడైన ప్రతిసారీ సిటీకి పరిగెత్తాలంటే, మేనేజర్ అనే మాట ఒక్కటే: "అక్కడుంటే కష్టం, ఇక్కడికే షిఫ్ట్ అయిపో." ఒక పాస్‌వర్డ్ కోసం ఊరు వదలాలా?

ఈసారి టీమ్ మీటింగ్‌లో "అడ్మిన్ ఇవ్వండి" అని అడగొద్దు, కచ్చితంగా నో అంటారు. "పదిహేను నిమిషాలకు ఇవ్వండి, ఏం చేశానో లాగ్ చూసుకోండి" అని అడగండి. నేను అడిగాను. పైలట్‌గా మా టీమ్‌కు ఇచ్చి చూద్దాం అన్నారు. ఇంకా రాలేదు, వచ్చాక చెప్తాను.